బాల్కనీ ఉన్న కేబిన్

మిక్సీ ఊరికే ఇస్తామంటే ఎవరు మాత్రం వెళ్ళరు? కలకత్తా మెటియాబ్రుజ్ నుంచి అన్నపూర్ణ వెళ్ళింది, ఖిదిర్‌పూర్ పోర్టు క్వార్టర్ల నుంచి ఆమె తోటికోడలు జగ్గమ్మా వెళ్ళింది. మొగుళ్ళని కూడా వెంటబెట్టుకు రావాలన్నది షరతు. అందుకని ఏళ్ళ తరబడి ఒకరి మొహం ఒకరు సరిగ్గా చూసుకోని అన్నదమ్ములిద్దరూ పార్క్ స్ట్రీట్ హోటల్లో, చల్లటి హాల్లో, పక్కపక్క బల్లల దగ్గర కూర్చోవలసి వచ్చింది. టై కట్టిన కుర్రాళ్ళు కొబ్బరిచెట్ల బొమ్మలు చూపించారు, సమోసాలు పెట్టారు, తియ్యతియ్యగా మాట్లాడారు. సాయంత్రానికి చెరో మిక్సీ, చెరో హాలిడే క్లబ్బు సభ్యత్వం పట్టుకుని బయటపడ్డారు. మిక్సీలు ఏడాది తిరక్కుండానే మూలపడ్డాయి. సభ్యత్వం మాత్రం ముప్పై మూడేళ్ళది.

ఆ సభ్యత్వం ఏమిటంటే, ఏటా క్లబ్బువాళ్ళు మన పేర కొన్ని పాయింట్లు వేస్తారు. వాటితో వాళ్ళ హోటళ్ళలో ఉండొచ్చు. వేసవిలో గోవా కావాలని ఫోన్ చేస్తే గదులన్నీ నిండిపోయాయనేవారు. పూజా సెలవుల్లో డార్జిలింగ్ అంటే అదీ నిండిపోయిందనేవారు. వర్షాకాలంలో ఎక్కడో పేరు తెలియని కొండ మీద ఖాళీ ఉందనేవారు. చూస్తుండగానే గడువు తీరిపోయి పాయింట్లు మురిగిపోయేవి. అన్నపూర్ణకి అన్నం మెతుకు పారేస్తేనే ప్రాణం గిలగిల్లాడుతుంది. కంటికి కనపడని ఆ పాయింట్లు మురిగిపోతుంటే ఆమెకి నిద్ర పట్టేది కాదు.

రెండువేల ఎనిమిది శీతాకాలానికి ముందు క్లబ్బు నుంచి కొత్త కబురొచ్చింది. ఇకమీదట పాయింట్లతో ఓడ ప్రయాణం చెయ్యొచ్చు. నీలాంబరి అనే తెల్లటి ఓడ కలకత్తా రేవులోనే ఎక్కించుకుని అండమాన్ దాకా తీసుకెళ్ళి తిరిగి కలకత్తాలోనే దింపుతుంది. కుటుంబాల కోసం ప్రత్యేకం కేబిన్లున్నాయి. ఒకరి పాయింట్లు చాలకపోతే, రక్తసంబంధీకులు ఇద్దరి పాయింట్లూ కలిపి పక్కపక్కనే రెండు కేబిన్లు తీసుకోవచ్చు. అయితే కలిపిన పాయింట్లకి బుకింగు ఒకటే, ప్రయాణం ఒకటే.

అన్నపూర్ణ మనసులో దీపం వెలిగింది. ఆమెకి కావలసింది అండమానూ కాదు, ఓడా కాదు. అన్నదమ్ములు మాట్లాడుకోవాలి. అదొక్కటే ఆమె కోరిక.

వాళ్ళ తగువు పాతది. మామగారు గవరయ్య శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి డాక్‌లో సరుకులెత్తే వించి నడుపుతూ డ్యూటీలోనే పోయాడు. తండ్రి ఉద్యోగం కొడుకుల్లో ఒకరికి ఇస్తారు. పెద్దవాణ్ణి కాబట్టి అది తనదేననుకున్నాడు సత్యారావు. తల్లి అమ్మన్నమ్మ మాత్రం చిన్నవాడు మృత్యుంజయకే ఇమ్మంది. ఆ రోజుల్లో మొగుడూ పెళ్ళాల పేచీకి కూడా పార్టీ లోకల్ కమిటీ ఆఫీసే కోర్టు. ఎర్రజెండా కింద బెంచీ మీద కూర్చున్న దాదాలు టీ తాగుతూ తల్లి మాటనే ఖాయం చేశారు. సత్యారావు మారుమాట్లాడకుండా లేచి వచ్చేశాడు. తర్వాత సొంతంగా ఓడలకు బియ్యం, కూరగాయలు, కోడిగుడ్లు అందించే వ్యాపారం పెట్టాడు, నిలదొక్కుకున్నాడు కూడా. కిందటేడు ఉన్నట్టుండి డాక్‌లోకి వెళ్ళే అతని పాసు రద్దయింది. లోపలికి వెళ్ళలేనివాడు ఓడకి సరుకేం అందిస్తాడు? ఎవరో పైకి చెప్పి చేయించారన్నారు. ఆ ఎవరో తన తమ్ముడేనని సత్యారావు నమ్మకం. మృత్యుంజయ యూనియన్‌లో పలుకుబడి ఉన్నవాడు. తల్చుకుంటే పాసు పీకించగలడు, తల్చుకుంటే తిరిగి ఇప్పించగలడు.

అప్పట్నించీ సత్యారావు ఇంట్లోనే కూర్చున్నాడు. అరిచినా బాగుండేదని అన్నపూర్ణ అనుకునేది. అరవడు. గోడకేసి చూస్తూ గంటలు గంటలు కూర్చుంటాడు. కూతురు వచ్చి ఒళ్ళో ఎక్కితే మాత్రం తల నిమురుతాడు.

ఓడ సంగతి చెబితే ససేమిరా అంటాడనుకుంది. అనలేదు. కాసేపు ఆలోచించాడు.

"ఆడు వస్తాడా?" అన్నాడు.

"నేను రప్పిస్తాను కదా."

"రప్పించు అయితే."

అన్నపూర్ణకి సంతోషంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ రోజు పాయసం కాచింది.

ఇక మిగిలింది తమతోనే ఉండే అత్తగారు. అమ్మన్నమ్మకి ఒక పట్టింపుంది. కొడుకులిద్దరూ ఒకే పడవ ఎక్కకూడదు. చిన్నప్పుడు మెటియాబ్రుజ్ ఘాట్‌లో లాంచీ ఎక్కి నది అవతలి ఒడ్డుకు వెళ్ళాల్సి వస్తే, ఒక కొడుకుని ముందు లాంచీలో పంపేది. అది అవతల చేరాకే రెండోవాణ్ణి తరవాతి లాంచీ ఎక్కించేది. ఆ లాంచీల్లో కోళ్ళూ సైకిళ్ళూ కూడా దర్జాగా వెళ్తాయి, బడిపిల్లలు నిద్రపోతారు. అయినా సరే. పెద్దయ్యాక కూడా ఆ ఇద్దరూ అలాగే దాటేవారు. బస్తీలో అందరూ నవ్వుకునేవాళ్ళు. ఎందుకమ్మా అంటే ముసలమ్మ ఒకటే మాట చెప్పేది.

"ఒకే ఇంటి మగోలు ఇద్దరు ఒకే పడవెక్కితే గంగమ్మ ఒకడిని ఉంచేసుకుంటాది. నాకు ఇద్దరూ కావాల."

చదువు లేని మనిషి, సముద్రం పక్కన పుట్టిన మనిషి, అలాగే అంటుందిలే అనుకుంది అన్నపూర్ణ. ముసలామె ఎలాగూ ఉప్పునీటి మీద అడుగు పెట్టనని ఒట్టేసుకుంది కాబట్టి ఆమె ప్రయాణానికి రాదు. రానివాళ్ళకి అబద్ధం చెప్పడం సులువు.

"రెండు ఓడలత్తా. మేము ముందు ఎల్తాము, ఆల్లు తరవాత ఓడకొస్తారు," అని చెప్పేసింది.

అమ్మన్నమ్మ కోడలి మొహంలోకి చూసింది. "నిజమేనా?"

"నీ మీద ఒట్టు." ఒట్టు వేసేశాక మంచి పనికి చెప్పిన అబద్ధం తప్పు కాదని తనకి తానే సర్దిచెప్పుకుంది. అన్నదమ్ములు కలిసి తిరిగొస్తే, ఆ సంతోషంలో అత్త కూడా క్షమించేస్తుందని అనుకుంది.

మృత్యుంజయ ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడమేమిటి, ఎగిరి గంతేశాడు. అతనిది పైకి తేలే స్వభావం. అన్న మాట్లాడకపోతే లోలోపల కుమిలిపోయేవాడే గాని, తనంతట తాను వెళ్ళి పలకరించే ధైర్యం లేనివాడు. "వదినా, నువ్వు దేవతవి," అన్నాడు ఫోన్‌లో.

సత్యారావులో కూడా మార్పు కనిపించింది. గడ్డం గీసుకున్నాడు. బజారుకి వెళ్ళి నీలం గళ్ళ గుడ్డ తెచ్చి, కింది అంతస్తులో కుట్టుపని చేసే దర్జీలకిచ్చి ఒకే తానులోంచి తనకీ తమ్ముడికీ చొక్కాలు కుట్టించాడు. ఆ చొక్కా పట్టుకుని తమ్ముడి క్వార్టరుకి స్వయంగా వెళ్ళొచ్చాడు. ఇన్నాళ్ళకి తన కాపురంలో మంచి రోజులొచ్చాయని అన్నపూర్ణ పొంగిపోయింది. పొంగిపోయే మనిషికి పక్కన ఏముందో కనిపించదు కదా.

బయల్దేరడానికి వారం ముందు అన్నపూర్ణ కూతురికి ఒళ్ళు కాలిపోయే జ్వరమొచ్చింది. మర్నాడు చూస్తే వీపంతా పొక్కులు. అమ్మవారు. ఇంకో రోజుకి జగ్గమ్మ కూతురికీ పోసింది. మెటియాబ్రుజ్‌లో ఉన్నా, ఖిదిర్‌పూర్‌లో ఉన్నా, అమ్మవారొస్తే ఆ కుటుంబాల్లో డాక్టరు మాట తరవాత. అమ్మన్నమ్మ వెంటనే పగ్గాలు చేతిలోకి తీసుకుంది.

"అమ్మోరిని రెండిళ్ళల్లో తిప్పకూడదు. గుంటలిద్దరినీ ఈడనే ఉంచండి. తల్లులు గడప దాటొద్దు. మగోల తిరుగుడు ఈ ఇంట్లో పనికిరాదు. పెద్దోడిని చిన్నోడి క్వార్టరులో పడుకోమను."

గుమ్మానికి వేపమండలు కట్టారు. పోపు వేయడం మానేశారు. జగ్గమ్మ తన పిల్లనెత్తుకుని వచ్చేసింది. సత్యారావు బట్టలు సర్దుకుని తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయాడు.

మరి ఓడ? అన్నపూర్ణ క్లబ్బుకి ఫోన్ చేసింది. ఇప్పుడు రద్దు చేస్తే పాయింట్లు తిరిగి రావని అవతలి అమ్మాయి హిందీలో ముద్దుముద్దుగా చెప్పింది. అటు ఏళ్ళ తరబడి మురిగిపోయి, ఇటు మొదటిసారి చేతికొచ్చి, మళ్ళీ మురిగిపోవడమా? అప్పుడే ఆమెకి ఆ ఆలోచన వచ్చింది. మగాళ్ళు ఎలాగూ ఇంట్లో ఉండకూడదు. వాళ్ళిద్దరే వెళ్తేనేం? పిల్లల గోల లేకుండా, ఆడవాళ్ళ అడ్డు లేకుండా, ఇద్దరూ తీరిగ్గా మాట్లాడుకుంటారు. నిజానికి ఇదే మంచిది.

"మేడమ్, వెళ్ళేది ఇద్దరే అయితే రెండు కేబిన్లు ఎందుకు?" అంది ఆ అమ్మాయి. "ఆ పాయింట్లన్నీ కలిపి పై అంతస్తులో ఒకటే పెద్ద కేబిన్ తీసుకోండి. సొంత బాల్కనీ ఉంటుంది. వేరేవాళ్ళెవరూ రారు. చాలా ప్రైవసీ."

అన్నపూర్ణ తీసుకుంది. ఎగబడి తీసుకుంది. ఒక్క పాయింటు కూడా వృథా కాలేదన్న తృప్తితో వెంటనే భర్తకి ఫోన్ చేసి చెప్పింది.

సత్యారావు అంతా విన్నాడు. ఒకే ఒక్క ప్రశ్న వేశాడు.

"ఆ బాల్కనీ కింద ఏటుంటాది? ఇంకో అంతస్తు బాల్కనీ ఉంటాదా?"

"ఏటుంటాది మరి, నీళ్ళుంటాయి," అని నవ్వింది అన్నపూర్ణ. "బొమ్మలో చూశాను. తిన్నగా సముద్రమే."

"సరే," అని పెట్టేశాడు.

అత్తగారికి మాత్రం పెద్దకొడుకొక్కడే వెళ్తున్నాడని చెప్పారు. చిన్నవాడికి సెలవు దొరకలేదన్నారు. జగ్గమ్మ కూడా తలూపింది. అలా అబద్ధానికి అబద్ధం అతికించారు.

ఓడ కదిలిన రోజు ఎండ బాగా కాస్తోంది. ఖిదిర్‌పూర్ డాక్ గేటు దాటి నదిలోకి వచ్చిన ఓడలన్నీ మెటియాబ్రుజ్ ముందు నుంచే కిందికి పోవాలి. అన్నపూర్ణ వాళ్ళ డాబా మీంచి చూస్తే నది మొత్తం కనిపిస్తుంది. పిల్లల దగ్గర జగ్గమ్మని ఉంచి అన్నపూర్ణ డాబా ఎక్కింది. గడప దాటకూడదు గాని డాబా ఎక్కొచ్చు. వేపమండలు ఎండబెట్టే నెపంతో ఎక్కిందేగాని, వెనకాలే అమ్మన్నమ్మ కూడా ఆయాసపడుతూ మెట్లెక్కి వస్తుందని అనుకోలేదు.

"నా పెద్దోడిని నానూ చూసుకుంటాను," అంది ముసలామె.

నీలాంబరి నెమ్మదిగా వచ్చింది. మూడంతస్తుల మేడంత ఎత్తు, మల్లెపువ్వంత తెలుపు. రెయిలింగ్ పొడుగునా జనం చేతులు ఊపుతున్నారు. అమ్మన్నమ్మకి మోకాళ్ళు పోయాయిగాని కళ్ళు పోలేదు. ఆ జనంలో నీలం గళ్ళ చొక్కాలు రెండు పక్కపక్కనే నిలబడి ఉన్నాయి. ఒకటి చెయ్యెత్తి ఆనందంగా ఊపుతోంది. రెండోది మొదటిదాని భుజం మీద చెయ్యి వేసుకుని ఉంది.

ముసలామె పిట్టగోడ పట్టుకుని అలాగే కూలబడిపోయింది.

"ఒక్కడే ఎల్తన్నాడన్నావు కదే నాతోని?"

అన్నపూర్ణ నోరు పెగల్చుకుంది. "ఇద్దరూ ఎల్తన్నారత్తా. తప్పయిపోయింది. ఆల్లు కలవాలని చేసినాను. గంగమ్మ తల్లికి చీర పెట్టుకుందాం, ముడుపు కడదాం..."

"గంగమ్మకేటి సంబంధం?" అంది అమ్మన్నమ్మ. ఆ గొంతు అన్నపూర్ణ ఎప్పుడూ వినని గొంతు. "ఆ తల్లి ఏ పాపం ఎరగదు. ఆ తల్లి మీద నానేసిన నింద అది."

ఓడ వాళ్ళ ఎదురుగా నుంచి దాటిపోతోంది. ముసలామె దాని మీంచి చూపు తిప్పకుండా చెప్పింది.

"మీ మామకి అన్న ఉండీవోడు, కూర్మయ్య. ఒక పొద్దున్న ఇద్దరూ ఒకే తెప్ప మీద ఏటకెల్లినారు. మీ మామ ఒక్కడే తిరిగొచ్చినాడు. పెద్ద గాలి లేసింది, అన్న పడిపోనాడు అన్నాడు. ఊరంతా ఏడిసింది, నానూ ఏడిసినాను. ఆ రోజు నాను ఒడ్డున చేపలు ఎండబెట్టినానే. గాలుంటే ఇసక లేసి చేపల నిండా పడతాది, తెలుసా? సాయంత్రం చేపలు ఎత్తి బుట్టలో ఏసుకున్నాను. ఒక్క ఇసక రవ్వ నేదు. ఒక్కటంటే ఒక్కటి నేదు."

అన్నపూర్ణ ఆమె పక్కన కూర్చుంది.

"మరి అడగలేదా?"

"అడిగితే చెప్పేత్తాడేమోనని భయమేసినాది. చెప్పేక నానెక్కడికి పోతాను, కడుపులో పిల్లోడితో? ఆ ఊల్లో ఉండలేక ఈ దేశం వచ్చినాము. ఆడి బట్టలు ఉతికినాను, ఆడికి వండి పెట్టినాను, ఆడి పక్కన పడుకున్నాను. పెద్దోడికి ఆ కళ్ళే వచ్చినాయి, ఆ మౌనమే వచ్చినాది. ఆడిని నీళ్ళ దగ్గర ఉద్యోగానికి పంపకూడదనే చిన్నోడికి ఇప్పించినాను. అదీ తప్పే అయినట్టుంది."

"మా ఇంటాయన అలాంటోరు కాదత్తా," అంది అన్నపూర్ణ ఏడుపు ఆపుకోలేక.

"నా ఇంటోడూ అలాటోడు కాడు," అంది అమ్మన్నమ్మ.

ఓడ వంపు తిరిగింది. చొక్కాలు చిన్నవైపోయి జనంలో కలిసిపోయాయి. కింది డాబా మీద దర్జీల కుర్రాళ్ళు గుడ్డ ముక్కలు ఏరుకుంటూ బెంగాలీలో ఏదో పాడుకుంటున్నారు.

తరవాతి రోజులు ఎలా గడిచాయో అన్నపూర్ణకే తెలియాలి. పిల్లలకి వేపాకుతో ఒళ్ళు నిమురుతుంది, చద్దన్నంలో పెరుగు కలిపి పెడుతుంది, జగ్గమ్మ కబుర్లకి ఊఁ కొడుతుంది. లోపల మాత్రం ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. 'రప్పించు అయితే' అన్న మాట. గడ్డం గీసుకోవడం. చొక్కాలు. బాల్కనీ కింద ఏముంటుందన్న ప్రశ్న. ఇన్నాళ్ళూ ఇవన్నీ పూలలా కనిపించాయి ఆమెకి. ఇప్పుడు ఒక్కొక్కటీ ముల్లులా గుచ్చుకుంటోంది. అన్నిటికంటే ఎక్కువగా, ఆ కేబిన్ తీసుకున్నది తనే. వేరేవాళ్ళెవరూ రారంటే మురిసిపోయింది తనే.

భర్తకి ఫోన్ చేస్తే అందదు. మరిదికి చేస్తే అందదు. జగ్గమ్మ పడుకున్న సమయం చూసి క్లబ్బుకి చేసింది. అదే ముద్దుగొంతు అమ్మాయి.

"నడిసముద్రంలో సిగ్నల్ ఉండదు మేడమ్. ఎమర్జెన్సీ అయితే ఓడకి కబురు పంపిస్తాం. ఎమర్జెన్సీయా?"

ఏమని చెప్పాలి? నా భర్తనీ నా మరిదినీ వేరే వేరే గదుల్లో పెట్టండని చెప్పాలా? ఎందుకంటే ఏం చెప్పాలి? నలభై ఏళ్ళ కిందట ఒక ఒడ్డున చేపలకి ఇసక అంటలేదని చెప్పాలా? కట్టుకున్నవాడి మీద ఆ మాట నోటి నుంచి వస్తే మళ్ళీ వెనక్కి పోతుందా?

"కాదు," అంది అన్నపూర్ణ. ఫోన్ పెట్టేసింది.

తిరిగొచ్చే రోజుకి ముందు, దీపాలు పెట్టే వేళకి ఆమె ఫోన్ మోగింది. మృత్యుంజయ!

"వదినా! సాగర్ దీవి దగ్గర లంగరేసినారు, పోటు కోసం ఆగినాము. రేపు మజ్జానానికి వచ్చేత్తాము. గుంటలెలాగున్నారు?"

అతని గొంతు వినగానే అన్నపూర్ణకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"బాగున్నారు తమ్ముడూ, బాగున్నారు. నువ్వెలాగున్నావు? సముద్రం ఎలాగుంది?"

"కంచంలో నీళ్ళు పోసినట్టున్నాది వదినా. గాలన్నదే నేదు. బాల్కనీలో కూకుని మాటాడతన్నాను." గొంతు కాస్త తగ్గించాడు. "ఒక మాట చెప్తాను, జగ్గుతో అనకు. అన్నియ్య పాసు పోడానికి కారణం నానే. యూనియన్‌లో కోపంలో ఒక మాట జారినాను, అది పైకెల్లిపోనాది. ఇన్నాళ్ళూ కుమిలిపోనాను. ఇందాక అన్నియ్యకి చెప్పేసినాను వదినా. కాళ్ళ మీద పడ్డాను. పాసు మల్లీ ఇప్పిస్తానని ఒట్టేసినాను."

"ఆయనేమన్నారు?"

"నవ్వేసినాడు. ఏటీ అన్నేదు, నవ్వేసినాడు. గుండె దూదిలాగయిపోనాది నాకు. ఇగో, గ్లాసులు తెత్తానని లోపలికెల్లినాడు."

"తమ్ముడూ, బాల్కనీలోంచి లెగు. కిందకెళ్ళు, జనంలోకెళ్ళు. నా మాట విను..."

"ఏటి వదినా? సిగ్నలు..." అతని మాట ముక్కలైపోయింది. ఆ తరవాత ఏమీ లేదు. మళ్ళీ చేసింది, మళ్ళీ మళ్ళీ చేసింది. అందలేదు.

జగ్గమ్మ వంటింట్లో పిల్లలకి జావ కాస్తోంది. వినలేదు. విన్నది గుమ్మంలో నిలబడ్డ అమ్మన్నమ్మ ఒక్కతే.

"గాలెలాగున్నాదన్నాడు?" అని అడిగింది.

"లేదన్నాడత్తా. కంచంలో నీళ్ళలా ఉందన్నాడు."

ముసలామె వెళ్ళి దేవుడి గూట్లో దీపం ఒత్తి సరిచేసింది.

మర్నాడు మధ్యాహ్నం పోటుతో పాటు నీలాంబరి వచ్చింది. రెయిలింగ్ నిండా జనం ఉన్నారు. అన్నపూర్ణ పిట్టగోడ మీదికి వంగి వెతికింది. నీలం గళ్ళ చొక్కా ఒక్కటి కూడా కనిపించలేదు. కింద జగ్గమ్మ మొగుడొస్తాడని గుమ్మానికి ఎండిన వేపమండలు తీసేసి ముగ్గు పెడుతోంది. పిల్లలకి ఆ ఉదయమే అమ్మవారు దిగి నీళ్ళు పోశారు.

సాయంత్రానికి టాక్సీ వచ్చి ఆగింది. సత్యారావు దిగాడు. అతనితో పాటు యూనియన్ మనుషులిద్దరూ, సామాను మోస్తూ ఒక కానిస్టేబులూ దిగారు. సూట్‌కేసులు మాత్రం రెండున్నాయి.

తెలియాల్సింది ఆ క్షణంలోనే అందరికీ తెలిసిపోయింది. జగ్గమ్మ పెట్టిన కేకకి వీధిలో దర్జీల మిషన్లన్నీ ఆగిపోయాయి. యూనియన్ దాదా ఒకాయన తల వంచుకుని చెప్పాడు. నిన్న చీకటి పడుతుండగా మృత్యుంజయ కేబిన్ బాల్కనీలోంచి పడిపోయాడట. పడవలు దింపి వెతికించారట. ఇంకా వెతుకుతున్నారట. తాగి ఉన్నాడు, జారిపడ్డాడని ఓడవాళ్ళు రాసుకున్నారట. పోలీసులు కూడా అలాగే రాసుకున్నారు. ఆ మాట చెప్పి వాళ్ళు వెళ్ళిపోయారు.

సత్యారావు మంచం అంచున కూర్చున్నాడు. కళ్ళు పొడిగా ఉన్నాయి. గోడకేసి చూస్తూ చెప్పాడు.

"ఉన్నట్టుండి పెద్ద గాలి లేసింది. గ్లాసులట్టుకుని నేను గదిలోంచి వచ్చేతలికి ఆడు రెయిలింగ్ మీదికి వంగున్నాడు. అందుకోబోయాను. అందలేదు."

అమ్మన్నమ్మ మూల చాప మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. కొడుకు వైపు చూడలేదు. కోడలి వైపూ చూడలేదు. అన్నపూర్ణ కూతురు, ఒంటి మీద పొక్కుల మచ్చలింకా మానని పిల్ల, నెమ్మదిగా వచ్చి తండ్రి ఒళ్ళో ఎక్కింది. సత్యారావు దాని తల నిమిరాడు. ఆ చెయ్యి వంకే చూస్తోంది అన్నపూర్ణ. ఆ చేతిని చూస్తే ఆమెకి మొదటిసారి భయం వేసింది. పిల్లని లాక్కోవాలనిపించింది, లాక్కోలేకపోయింది.

నేల మీద పడి ఏడుస్తున్న జగ్గమ్మ ఉన్నట్టుండి తలెత్తింది. జుట్టంతా మొహం మీద పడి ఉంది.

"అక్కా, నిన్న దీపాలేల నీకు ఫోన్ చేసినాడు కదే. బాగున్నాడు, రేపొచ్చేత్తాడు అని నువ్వే కదా చెప్పినావు. గాలి గురించి ఏమైనా అన్నాడా? ఎందుకంటే ఆడు ఈతగాడక్కా. ఆడు నీటి మనిషి. ఊరికే పడిపోడు. చెప్పక్కా. గాలేసిందన్నాడా?"

సత్యారావు చెయ్యి పిల్ల తల మీద ఆగిపోయింది. మొదటిసారిగా అతను గోడ మీంచి చూపు తిప్పి పెళ్ళాం వైపు చూశాడు. బెదిరింపు లేదు ఆ చూపులో. బతిమాలుకోవడమూ లేదు. ఊరికే ఎదురుచూస్తున్నాడు.

కంచంలో నీళ్ళు పోసినట్టున్నాది వదినా. ఆ మాట ఆమె నాలిక చివరి దాకా వచ్చింది. చెబితే జగ్గమ్మకి న్యాయం జరుగుతుందేమో. చెబితే ఆ పిల్ల తండ్రి ఉరికంబం ఎక్కుతాడేమో. చెప్పాక తను ఎక్కడికి పోతుంది? ఆ కేబిన్ ఎవరు తీసిచ్చారని అడిగితే ఎవరి పేరు చెబుతుంది? తన మీద తనకే అసహ్యం వేసింది అన్నపూర్ణకి. అసహ్యం వేసినా నోరు తెరిచింది.

"అన్నాడే," అంది. "గాలి బాగా లేస్తోంది వదినా అన్నాడు."

జగ్గమ్మ తల మళ్ళీ నేలకి వాలిపోయింది. సత్యారావు పిల్ల తల నిమరడం మొదలుపెట్టాడు.

అన్నపూర్ణ మూలకి నడిచింది. చాప మీద అమ్మన్నమ్మ కాస్త పక్కకి జరిగి, కోడలికి చోటిచ్చింది.